దుప్పుల మందు

నాగూరు ఆ ఉదయం తోటలోకి వస్తూనే ముందు నేలను చూశాడు. మొక్కలకు ఏమై ఉంటుందో అతనికి చూడకుండానే తెలుసు. ఎవరి పుణ్యమా అని అయిందన్నదే తేలాలి.

ముందురోజు పొద్దు గూకకముందే తడిక తలుపు దగ్గర పొయ్యిబూడిద జల్లి, చేత్తో చదును చేసి వెళ్లాడు. ఇప్పుడు ఆ బూడిదలో మనిషి అడుగులున్నాయి, లోపలికి వెళ్లినవీ తిరిగొచ్చినవీ. కుడికాలి చిటికెనవేలు పక్కకు తిరిగిన పాదం. దర్గాలో అలాంటి పాదం నీళ్లు మోసే మాలకొండయ్య ఒక్కడికే ఉంది.

లోపల గులాబీ మడిలో పదమూడు మొక్కలకు మొగ్గలన్నవే లేవు. లేత కొమ్మల్ని పీకి చింపినట్టు ఉంది. మడి నిండా దుప్పుల గిట్టల గుంటలు. నాగూరు మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కో కొమ్మనూ పట్టుకు చూశాడు. ఏడుపు రాలేదు గానీ, ఏడ్చినా బాగుండేది.

కొండ కింద ఉన్న ఆ చిన్న దర్గాకు జమాలయ్య గురువు. నాగూరు తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. ఏటా గంధం పండుగకు సమాధి మీద కప్పే పూలచాదరు కోసం పట్నం నుంచి గంపల్లో పూలొచ్చేవి. బస్సు దిగేసరికే సగం వాడిపోయేవి. ఈ ఏడు మన తోట పూలతోనే చాదరు అల్లిస్తానని నాగూరు నలుగురి ముందూ అన్నాడు. ఎవరూ అడగలేదు. జమాలయ్య అసలే అడగలేదు. అన్నది నాగూరే. గంధం ఇంక ఎనిమిది రోజులుంది.

దుప్పుల్ని తోలడానికి అతను పడని పాటు లేదు. పాత చీరలు చుట్టూ కట్టాడు. నాలుగు రోజులు దూరంగా నిలబడి చూసిన దుప్పులు, అయిదో రోజు వాటి కిందినుంచి దూరి వచ్చాయి. డబ్బాలు వేలాడదీశాడు. ఆ చప్పుడుకు దర్గాకు వచ్చినవాళ్లు ఉలిక్కిపడ్డారు తప్ప దుప్పులు చెవి కదపలేదు. మనిషి వెంట్రుకల వాసనకు జంతువు దగ్గరికి రాదని ఎవరో చెబితే, ఊళ్లో సెలూన్ నుంచి గోనెసంచెడు తెచ్చి మూటలు కట్టి కంచెకు తగిలించాడు. ఓ గాలిదుమారంలో ఆ మూటలు విడిపోయి, గురువారం వడ్డించే పప్పులో వెంట్రుకలు తేలాయి. వంటచేసే మస్తానమ్మ ఆవేళ అతన్ని అన్న మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

చివరికి తనే ఓ మందు తయారుచేశాడు. కుళ్లిన కోడిగుడ్లు, దంచిన వెల్లుల్లి, మిరపకారం కుండలో వేసి మూడు రోజులు మురగబెడతాడు. అది నీళ్లలా జారిపోకుండా పట్టి ఉండటానికి గంజి కలుపుతాడు. గంజికి లోటు లేదు. గురువారం గురువారం దర్గాలో వందమందికి అన్నం వండి వారుస్తారు. ఆ అన్నం ఉప్పేసి వండుతారు. వెనక వచ్చినవాళ్లకు కూర అందకపోయినా అన్నం చప్పగా ఉండకూడదని జమాలయ్య పెట్టిన పద్ధతి అది.

శుక్రవారం పొద్దున్నే నాగూరు ముక్కుకు తువ్వాలు బిగించి, పాతగుడ్డల్ని ఆ మందులో ముంచి, కంపకంచె మీద మూరకొకటి చొప్పున కట్టేవాడు. ఆ కంపుకు మనుషులు దర్గా వెనకవైపుకు రావడం మానేశారు. దుప్పులు కూడా రెండు మూడు రోజులు వచ్చేవి కావు. సోమవారం దాటిందా, మళ్లీ వచ్చేవి. ఇదివరకు అయిదారు వచ్చేవి, మందు పెట్టినప్పటినుంచి పది పన్నెండు వస్తున్నట్టు గిట్టల గుర్తులు చెబుతున్నాయి.

మందు మంచిదే, దాన్ని ఎవరో చెడగొడుతున్నారని నాగూరు తేల్చుకున్నాడు. ఎవరో అని ఊరికే అనుకున్నాడు గానీ, పేరు అప్పటికే మనసులో ఉంది.

మాలకొండయ్య వచ్చి రెండు నెలలయింది. నలభై అయిదేళ్ల మనిషి, పొడుగ్గా, ఎండిపోయి ఉంటాడు. ఇరవయ్యేళ్లు కొండమీద దుప్పులకు ఉచ్చులు పెట్టి బతికినవాడు. ఒకరోజు ఆ ఉచ్చులన్నీ మోసుకొచ్చి దర్గా మెట్లమీద పడేసి, పక్కన కూర్చుని లేవలేదు. ఏం జరిగిందో చెప్పలేదు. జమాలయ్యా అడగలేదు. ఆ తీగలతో బట్టలారేసుకునే దండెం కట్టించి, అతన్ని నీళ్లు మొయ్యమన్నాడు.

నాగూరుకు ఆ రోజే నచ్చలేదు. దుప్పుల్ని చంపినవాడు దుప్పులు తిరిగే చోటికే వచ్చి కూర్చోవడమేమిటి? ఊరికే మారిపోయే మనుషులున్నారా? సాయంత్రం మెట్ల దగ్గర అతన్ని ఆపి, నీకూ నాకూ ముందే ఒక మాట ఉండాలన్నాడు.

"ఈ తోట నాది. దుప్పుల మాట గానీ, నీ అడివి విద్యలు గానీ నా కాడ ఎత్తబాక."

"అట్టే సాయిబూ," అన్నాడు మాలకొండయ్య.

ఆ ఒప్పుకోవడం కూడా నాగూరుకు అనుమానంగానే ఉంది. మారు మాట్లాడకుండా ఒప్పుకునేవాడు లోపల ఏదో పెట్టుకున్నవాడే అనిపించింది.

అప్పటినుంచి అతని మీద కన్నేసి ఉంచాడు. మాలకొండయ్య ఎప్పుడు లేస్తాడు, ఎటు పోతాడు, ఎంతసేపటికి వస్తాడు అన్నీ చూశాడు. నీళ్ల కావిడి భుజాన వేసుకుని వాగుకు పోయినవాడు ఒక్కోసారి ఆలస్యంగా వచ్చేవాడు. ఆ ఆలస్యం ఎప్పుడూ సోమవారమో మంగళవారమో జరిగేది. అదే రోజుల్లో కంచె మీది గుడ్డలు మాయమయ్యేవి. ఒకరోజు మూడు పోయాయి, ఇంకోరోజు అయిదు. గాలికి పోయినవి కావు, ముళ్లకు చిక్కి చిరగనూ లేదు. లోపలివైపునుంచి ముడి విప్పి తీసుకుపోయినట్టు తెలుస్తూనే ఉంది.

ఇందులో ఒక్కటే నాగూరుకు కుదరలేదు. గుడ్డలు పోయిన చోట మొక్కలు చెక్కుచెదరలేదు. గుడ్డలు వేలాడుతున్న వైపే దుప్పులు కంప తొక్కి లోపలికి దిగాయి. దీని గురించి అతను ఒక పూటంతా ఆలోచించాడు. చివరికి, అనుమానం తనమీదికి రాకుండా ఉండటానికే అతను అలా చేస్తున్నాడని తేలింది. ఉచ్చులు పెట్టిన చెయ్యి కదా, జంతువును ఏ వైపు నడపాలో తెలుసు. అలా అనుకున్నాక మనసు కుదుటపడింది.

ఒకసారి మాలకొండయ్యే తోట దగ్గరికి వచ్చాడు. కంచెకు బయటే నిలబడి, ఆ గుడ్డల్లో ఏం కలుపుతున్నావు సాయిబూ అని అడిగాడు.

"నీకెందుకు? దాన్ని చెడగొట్టేదానికి ఏం కలపాల్నో చూసుకునేదానికా?"

మాలకొండయ్య కాసేపు కంచెను చూసి, నోరు తెరవబోయి, వెళ్లిపోయాడు. దొంగ దొరికిపోయినట్టే అనుకున్నాడు నాగూరు.

ఇప్పుడు బూడిదలో పాదం ముద్ర కూడా దొరికింది. నాగూరు తోటలోంచి నేరుగా మాలకొండయ్య పడుకునే కొట్టానికి వెళ్లాడు. అతను వాగు దగ్గర ఉన్నాడు. నాగూరు చాప ఎత్తి చూశాడు. చాప కింద పద్నాలుగు గుడ్డలున్నాయి, మడతలు పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి. ఉతికి ఆరేసినవి. వాసన చూస్తే వాగునీళ్ల వాసన తప్ప ఏమీ లేదు. వాసన కూడా దొరక్కుండా ఉతికి దాచాడంటే ఎంత గుండె ధైర్యం ఉండాలి అనుకున్నాడు.

ఆ గుడ్డల్ని గుండెకు కరుచుకుని వాగు దారిలోనే ఎదురెళ్లాడు. మాలకొండయ్య కావిడితో వస్తున్నాడు. నాగూరు గుడ్డల్ని అతని కాళ్ల ముందు పారేశాడు.

"ఎవురికి దోవ చేస్తావుండావు? కొండమీద ఎవురున్నారు నీతోడివాళ్లు?"

"ఎవురూ లేరు సాయిబూ. దోవ జెయ్యలేదు."

"జెయ్యకపోతే మరి తోటలోకి దూరి గుడ్డలు దొంగిలించిందెవురు? దుప్పుల్ని ఈడికి అలవాటు జేసి, నాలుగు రోజులాగి ఉచ్చు బెడదామనే గదా?"

మాలకొండయ్య కావిడి దించలేదు. రెండు కుండల నీళ్లూ భుజాన మోస్తూనే నిలబడి, కింద పడ్డ గుడ్డల్ని చూశాడు. ఉచ్చు మాట వినగానే అతని మొహంలో రక్తం తగ్గింది. ఆ మార్పు నాగూరు స్పష్టంగా చూశాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? అతని జవాబు కోసం కూడా ఆగకుండా దర్గాకు తిరిగొచ్చాడు.

జమాలయ్య వంటకొట్టం అరుగుమీద కూర్చుని, మొక్కుబడికి ఎవరో వదిలిపోయిన మేకకు తుమ్మకాయలు పెడుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చూపు తగ్గింది గానీ, మనిషి అడుగును బట్టి కోపంగా వస్తున్నాడో ఆకలితో వస్తున్నాడో చెప్పేస్తాడు.

నాగూరు నిలబడే అంతా చెప్పాడు. బూడిద సంగతి, చిటికెనవేలు సంగతి, సోమవారాల ఆలస్యాలు, చాప కింది గుడ్డలు. ఒకదాని వెంట ఒకటి చెబుతుంటే అతనికే తన తెలివికి ముచ్చటేసింది. జమాలయ్య మేకకు కాయ వెంట కాయ అందిస్తూనే ఉన్నాడు. మేక నోరు ఆడుతూనే ఉంది. ఆ తాపీ చూసి నాగూరుకు ఇంకో అనుమానం పుట్టింది. ఈయనకు ముందే తెలుసేమో. తెలిసీ వాణ్ని కాపాడుతున్నాడేమో. తొమ్మిదేళ్లు సేవ చేసినవాడికంటే రెండు నెలల కిందట వచ్చినవాడు దగ్గరివాడయ్యాడేమో.

"బాబా, అతనన్నా ఉండాల, నేనన్నా ఉండాల," అన్నాడు.

అనుకున్నదానికంటే గట్టిగానే అన్నాడు. కావిడి దించి కుండల్లోని నీళ్లు తొట్టిలో పోస్తున్న మాలకొండయ్యకు ఆ మాట వినపడింది. అతను నీళ్లు పోయడం పూర్తిచేశాడు. ఖాళీ కుండల్ని బోర్లించి, కావిడిబద్దను గోడకు ఆనించి, కొట్టంలోకి వెళ్లాడు.

జమాలయ్య అటు చూడలేదు. "కంచెకు ఇంకా గుడ్డలున్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయన్నాడు నాగూరు.

"ఒకటి పట్టుకురా."

నాగూరు వెళ్లి తెచ్చాడు. శుక్రవారం కట్టిన గుడ్డ. ఎండకు అట్టకట్టి, అంచుల్లో తెల్లగా తేలింది. గంజి పిండి అనుకున్నాడు ఎప్పటిలాగే. కుళ్లు వాసన కూడా దాదాపు పోయింది. జమాలయ్య ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి, ఒక మూలను చించి నాలుక మీద పెట్టుకున్నాడు.

నాగూరు అదిరిపడి చెయ్యి పట్టుకోబోయాడు. అందులో ఏమేం కుళ్లబెట్టాడో తనకు తెలుసు.

జమాలయ్య గుడ్డముక్కను కాసేపు నోట్లో ఉంచుకుని, పక్కకు ఊసి, వంట రుచి చూసినవాడిలా తలూపాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు.

మిగిలిన గుడ్డను మేక ముందు పట్టాడు. మేక ముందు మూతి వెనక్కి తీసుకుంది. ఒకసారి వాసన చూసి, నాలుక చాపి నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత ఇక ఆగలేదు. జమాలయ్య గుడ్డను దూరంగా జరిపితే తాడు బిగిసేదాకా ముందుకొచ్చింది, మోకాళ్ల మీద కూలబడి మెడ చాపింది. ముందున్న తుమ్మకాయల వైపు చూడను కూడా లేదు.

జమాలయ్య గుడ్డను తీసుకెళ్లి నాగూరు చేతిలో పెట్టాడు. మేక తాడును లాక్కుంటూ ఇప్పుడు నాగూరు వైపు తిరిగింది.

నాగూరు ఆ గుడ్డను నోటికి ఆనించుకోలేదు. అక్కర్లేకపోయింది. వంటకొట్టంలో మస్తానమ్మ వార్చే గంజి కళ్లముందు కనిపించింది. ఎసట్లో ఆవిడ దోసిళ్లతో పోసే ఉప్పు కనిపించింది. శుక్రవారాలు ముక్కుకు తువ్వాలు బిగించి తను మూరకొకటి కట్టిన గుడ్డలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కంపు మూడు రోజులకు ఎండకు పోతుంది. ఆ తర్వాత కంచె చుట్టూ ఏముంటుందో, కొండమీద ఉప్పుకు మొహం వాచిన దుప్పులకు అది ఎంత దూరం తెలుస్తుందో అర్థమయింది. గుడ్డలు పోయిన చోట మొక్కలు ఎందుకు బాగున్నాయో, ఆ గుడ్డలు వాగునీళ్ల వాసన ఎందుకు వేశాయో కూడా అర్థమయింది.

సిగ్గు వేసింది, సిగ్గుతోపాటు పౌరుషమూ వచ్చింది. అంత తెలిసిన మాలకొండయ్య చెప్పొచ్చు కదా అనిపించింది. ఆ మాటే పైకి అన్నాడు.

"ఇంత తెలిసినోడు నాకొక మాట చెప్పకూడదా బాబా?"

"నువ్వు అడిగావా?"

"అడగతానే ఉండా గదా రోజూ. యాడికి పోయినావు, ఎవురికి దోవ చేస్తావుండావు, గుడ్డలు ఎందుకు దొంగిలించినావు..."

చెబుతూ చెబుతూ నాగూరు గొంతు తగ్గిపోయింది.

జమాలయ్య అరుగుమీద కూర్చుని, ఇందాక ఆపిన చోటునుంచి తుమ్మకాయలు ఒలవసాగాడు.

"అవన్నీ నీకు తెలుసనుకుని అడిగినవి నాయనా," అన్నాడు. "తెలియనిది ఒకటి అడిగి చూడు."

నాగూరు కొట్టంలోకి పరుగెత్తాడు. చాప చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. నేల ఊడ్చి ఉంది. మాలకొండయ్య లేడు. బయటికొచ్చి మెట్లు దిగి చూస్తే, ఊరి దారిలో చాలా దూరాన చంకలో మూటతో పోతూ కనిపించాడు. వేగంగా పోవడం లేదు. పోవలసిన చోటు లేనివాడు నడిచినట్టు నడుస్తున్నాడు.

నాగూరు పరుగెత్తాడు. ముళ్లు గుచ్చుకున్నాయి, చెప్పులు లేవన్న సంగతి అప్పుడు తెలిసింది. పిలుద్దామంటే ఏమని పిలవాలో తోచలేదు. రెండు నెలల్లో అతన్ని ఒక్క వరసా పెట్టి పిలవలేదు. ఏమయ్యా, ఇదిగో, నిన్నే అనడమే తప్ప.

అడుగుల చప్పుడుకు మాలకొండయ్య వెనక్కి తిరిగాడు. వగరుస్తూ వస్తున్న నాగూరునూ, అతని చేతిలో ఇంకా ఉన్న గుడ్డనూ చూశాడు. ఏమీ అడగలేదు. దారి పక్కకు జరిగి, మూటను నేలమీద పెట్టి, ముడి విప్పాడు. నాలుగు చెంగులూ నాలుగు వైపులా తీసి పరిచాడు. ఒక పంచె, ఒక సత్తుపళ్లెం, తల దువ్వుకునే దువ్వెన. వెదుక్కోవడానికి వీలుగా రెండడుగులు వెనక్కి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాగూరు ఆ పళ్లేన్నీ పంచెనూ చూడలేక తల తిప్పుకున్నాడు. దుమ్ములోనే, ఆ విప్పిన మూట పక్కన చతికిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు చివరికి. "తోట ఎట్ట కాపాడుకోవాల్నో నాకు తెలీదు. నువ్వు చెప్తావా?"

మాలకొండయ్య, ఇందులో ఏం మెలిక ఉందో అన్నట్టు, నాగూరు మొహంలోకి చూశాడు. నాగూరుకు ఆ చూపు బాగా తెలుసు, ఇన్నాళ్లూ తను అతన్ని చూసిన చూపే అది. తల దించుకోకుండా, అతను చూసినంతసేపూ అలాగే చూడనిచ్చాడు.